పసుపు పూసిన నంబరు ప్లేటు

మొన్న శనివారం తిరుమల కొండ మింద ఏం జరిగిందో చెప్తాను, ఇనండి. నా మేనల్లుడికి మేనమామ మారిపోయినాడు! నవ్వబాకండి. నేను బతికే ఉండాను, మీ ముందర కూచోని టీ తాగతా ఉండాను, అయినా మారిపోయినాడు. అంతా ఒక నంబరు ప్లేటు వల్ల. ప్లేటు కూడా కాదు, దాన్ని పట్టుకొనుండే రెండు బోల్టుల వల్ల.

మా చెల్లెలు సుజాతకు కొడుకు పుట్టి పదకొండు నెలలయింది. మన పక్క పద్ధతి తెలిసిందే గదా, పిల్లోడి మొదటి వెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒళ్లో కూచోబెట్టాల. సుజాతకు అన్నంటే నేనొక్కడినే. కాబట్టి ఆ ఒడి నాది. అడగాల్సిన పని కూడా లేదు, మామూలుగా అయితే.

మామూలుగా లేదు. వాళ్లాయన భాస్కర్ బావ నాతో మాట్లాడి రెండేండ్లయింది. తప్పు నాదేలే. శ్రీకాళహస్తిలో వాళ్ల గృహప్రవేశానికి పోయినాను. వంటింట్లో కొళాయి బొట్టుబొట్టుగా కారతా ఉండాది. పోయినోడు పోయినట్టు వడ పాయసం తిని రాకూడదూ? బిగిస్తానని పోయినాను. కొళాయి చేతికొచ్చేసింది. నీళ్లు హాల్లోకి, హాల్లోనుంచి హోమగుండం కాడికి! అయ్యవారు పంచె ఎగగట్టుకొని బయటికి పరిగెత్తినాడు. ఆ పొద్దు నుంచి బావకు నేనంటే పడదు. పండగకు పిలుపు లేదు, పిల్లోడు పుడితే నాకు వాట్సాప్‌లో తెలిసింది.

అట్టాంటిది పోయిన వారం సుజాత ఫోన్ చేసింది. "అన్నా, ఎట్టనో ఆయన్ను ఒప్పించినాను. శనివారం కొండకు రా. తొమ్మిదికంతా కళ్యాణకట్ట కాడ ఉండాల. పదకొండుకు దర్శనం టైము, అంతలోపల గుండు, స్నానం అయిపోవాల. నువ్వు గాన లేటయితే ఆయన ముందర నేను తలెత్తుకోలేను, చెప్తా ఉండా."

"నాలుగింటికే బయల్దేరతాను మ్మే" అన్నాను.

మాకు పిల్లల్లేరు. పెండ్లయి పన్నెండేండ్లు. ఇంకొకరి పిల్లోడైనా సరే, నీ ఒళ్లోనే కూచోవాల, ఇంకెవురి ఒళ్లోనూ కాదు అని ఒకరు చెప్పడం ఎట్టుంటుందో నేను మీకు చెప్పలేను. మా ఆవిడ గీత లోపలికి పోయి పిల్లోడికి పట్టు చొక్కా యాడ కొనాలో ఆలోచిస్తా నిలబడింది.

ఇంక శుక్రవారానికి రండి. తుపాను ముసురు. చిత్తూరంతా తడిసి ముద్దయి ఉండాది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు సీజన్ లేని రోజులు, పోయి సంతకం పెట్టి వచ్చేయడమే. ఇంటికొచ్చి చూస్తే కారు ముందర నంబరు ప్లేటు ఒక పక్కకు వాలిపోయి ఊగతా ఉండాది. మన ఈది గతుకుల్లో ఒక రివిటు ఇరిగిపోయింది. ఇప్పుడొచ్చే ప్లేట్లకు వేసేవి ఒకసారి బిగిస్తే మళ్లీ ఊడని రకం రివిట్లు. ఇరిగితే షోరూమోళ్లే కొత్తవి వెయ్యాల. ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు.

"సోమవారమే పోదాంలే. ఈ పొద్దుకు ఒక తాడేసి కట్టు" అనింది గీత.

"కొండకు పోయే బండికి తాడా? నాకు రాని పనా ఇది?"

గీత నా మొగం వైపు చూసింది. కొళాయి మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఆమె మంచిది.

ఫ్యాక్టరీలో గుజ్జు మిషన్‌కు వాడే స్టీలు బోల్టులు నా కాడ నాలుగున్నాయి. డ్రిల్లు తెచ్చినాను. రెండు ట్యూబులు కలిపి పూస్తారే, ఇనుము మింద ఇనుము అతుక్కునే జిగురు, అదీ తెచ్చినాను. ఇంటి ముందర చాప పరిచి ఆపరేషన్ మొదలుపెట్టేసరికి పక్కింటి మునిరత్నం గొడుగేసుకొని వచ్చినాడు. ఆయనదీ నాదీ ఒకే కారు. ఒకే మోడలు, ఒకే తెలుపు. నన్ను చూసి ఆయన కొన్నాడని నేనంటాను, ఆయన్ను చూసి నేను కొన్నానని ఆయనంటాడు.

"శీనప్పా, ఎట్టాగూ పనిలో దిగినావు గదా, నాది కూడా లొడలొడ అంటా ఉండాది. ఒక చెయ్యి సూడు" అన్నాడు.

ఆ మాట వింటే నాకెంత సంతోషమో! నన్ను నమ్మి పని చెప్పేవాడు ఈ లోకంలో ఆయనొక్కడే. పాత రివిట్లు డ్రిల్లుతో కోసి ఇద్దరివీ ముందర ప్లేట్లు ఊడదీసినాను. కొత్త బెజ్జాలు వేసినాను. కడిగి వసారాలో పక్కపక్కనే ఆరబెట్టినాను. చెయ్యి కడుక్కొని టీ తాగేదానికి లోపలికి పోయినాను. ఇంతే నేను చేసింది.

శుక్రవారం గదా. పైగా కొండకు పోయే బండి. గీత పసుపు కలిపింది, కుంకం పళ్లెం తెచ్చింది. కారు వానలో ఉండాది, దానికి పూస్తే నిలవదు. ప్లేట్లు వసారాలో చక్కగా ఆరినాయి. మా ప్లేటుకు పూసింది. పక్కన ఇంకొకటి ఉండాది గదా, ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే వాళ్లేమనుకుంటారని దానికీ పూసింది. మా ఆవిడ పసుపు పూస్తే మీకు తెలీదు, గడపకు పూసినట్టే, కింద ఏముందో కనపడదు. దాని మింద మూడు మూడు కుంకం బొట్లు. నేను టీ తాగి వచ్చేసరికి రెండు పసుప్పచ్చ పలకలు కవలపిల్లల్లా ఉన్నాయి.

ఇప్పుడు మీరడగొచ్చు, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి గదా, తడిమి చూస్తే తెలీదా అని. తెలుస్తుంది. తడిమిందెవురు? ఒక మూల గోరుతో గీకినాను, ఏపీ 39 కనపడింది. ఈ మధ్య రాష్ట్రంలో కొన్న బండ్లు చానావాటికి అదే గదా! ఇంకా గీకేదానికి మనసు రాలేదు. పూజ చేసిన పసుపు తుడవకూడదు.

ఇంక బిగించినాను చూడండి! స్టీలు బోల్టు, వాషరు, నట్టు, నట్టు లోపల జిగురు, ఎనకపక్క బోల్టు కొనను సుత్తితో కొట్టి నలగ్గొట్టినాను. మునిరత్నం రెండు చేతుల్తో పట్టుకొని లాగి చూసినాడు. కారే కదిలింది, ప్లేటు కదల్లేదు. "ఇది పీకాలంటే బంపరు పీకాలప్పా!" అన్నాడు. ఆ రేత్రి ఎంత హాయిగా నిద్రపోయినానో.

శనివారం తెల్లారకముందే బయల్దేరినాం. ఎనక సీట్లో పిల్లోడికి పట్టు చొక్కా, వెండి మొలతాడు, అరిటిపండ్ల గెల. చంద్రగిరి దాటేదాకా వాన తుంపర, ఆడ్నుంచి ఒకటే జడి. వైపర్లు కొట్టుకుంటా ఉన్నాయి. గీత పిల్లోడు ఎట్ట ఏడుస్తాడో, నేను ఎట్ట ఊరుకోబెట్టాలో చెప్తా ఉండాది. రెండు మోకాళ్లూ దగ్గరికి పెట్టి, ఒక చెయ్యి కడుపు మింద, ఒక చెయ్యి గడ్డం కింద అంట. స్టీరింగు పట్టుకొనే ఒక చేత్తో ప్రాక్టీసు చేసినాను.

ఏడున్నరకు అలిపిరి చెక్‌పోస్టు. మామూలుగానే అందర్నీ దింపినారు, సంచులు లోపలికి పంపినారు. ఒకాయన టార్చి పట్టుకొని కారు చుట్టూ తిరిగినాడు. ముందర నిలబడినాడు. ఎనక్కి పోయినాడు. మళ్లీ ముందరికొచ్చినాడు.

"ఎవురిది ఈ బండి?"

"నాదే సార్."

"ముందర నంబరు బండి నీదా, ఎనక నంబరు బండి నీదా?"

నాకర్థం కాలేదు. పోయి చూసినాను. వాన శుబ్బరంగా పసుపు కడిగేసింది. ఒక చుక్క లేదు. ముందర మునిరత్నం నంబరు నిగనిగలాడతా ఉండాది!

"పసుపు పూసినాం సార్, తెలీలేదు" అనింది గీత.

"నేను కూడా పూస్తాను తల్లీ. మా ఇంట్లోనూ శుక్రవారమే వస్తుంది. నా ప్లేటు నా బండికే ఉంటుంది" అన్నాడాయన. కోపంగా కాదు, చల్లగా. కోప్పడినా బాగుండు.

కాగితాలన్నీ చూపించినాను. ఆయన చెప్పింది న్యాయమే. రెండు నంబర్ల బండిని కొండకు పంపలేడు. ఎవురిదో ఏమిటో కనుక్కోవాల. "ముందు ఆ తప్పుది ఊడదీసి ఈడ పెట్టు, మిగతాది చూస్తాం" అన్నాడు.

ఊడదీయాల!

స్క్రూడ్రైవర్ పెట్టినాను. స్పానర్ పెట్టినాను. కారు కింద వానలో పండుకొని తన్నినాను. వేరే బండ్లోనుంచి దిగిన డ్రైవర్లు ఇద్దరొచ్చి లాగినారు. ఒకాయన అడిగినాడు, "ఎవురు బిగించినారన్నా ఇది? చెయ్యి మంచిది!" అని. కొళాయిలు ఊడినాయి, ఫ్యాన్లు ఊడినాయి, మా బీరువా తలుపు రెండుసార్లు ఊడింది. నా జన్మలో నేను బిగించింది ఊడకుండా నిలబడింది ఇదొక్కటే.

మునిరత్నానికి ఫోన్ చేస్తే ఆయన పలమనేరులో పెండ్లిలో ఉన్నాడు. "నా బండికేమప్పా? బెమ్మాండంగా ఉండాది. ఈ పక్క వాన లేదు, పసుపు కూడా చెక్కు చెదరలేదు. నీ రుణం తీర్చుకోలేను!" అన్నాడు. సంగతి చెప్పినాను. ఆ పక్కనుంచి నాదస్వరం ఒకటే వినపడతా ఉండాది.

టైము ఎనిమిదయింది. "నువ్వు బస్సెక్కి పో" అన్నాను గీతతో. "పిల్లోడి గుడ్డలు తీసుకొని పో. నేను ఎనకాలే వస్తానని చెప్పు. ఆపమని చెప్పు."

"ఎంతసేపు ఆపమని చెప్పాలయ్యా?"

ఆమె సంచి తలమింద పెట్టుకొని వానలో బస్సు కాడికి పరిగెత్తింది. నేను రేకుల కింద బెంచీ మింద కూచున్నాను. ఫోన్ మోగతా ఉండాది. సుజాత. ఎనిమిదిన్నరకు ఒకసారి, తొమ్మిదికి రెండుసార్లు. మొదటిసారి "వస్తా ఉండా" అన్నాను. రెండోసారీ అదే అన్నాను. మూడోసారి ఎత్తలేదు. ఏం చెప్పి ఎత్తాల?

మునిరత్నం తన కాగితాలు, కారు ఫోటో పంపేసరికి, వీళ్లు అన్నీ సరిచూసుకొనేసరికి తొమ్మిదిన్నర. "నువ్వు పోవచ్చు. బండి మాత్రం ఈడ్నే, ఆయన నీ ప్లేటు తెచ్చినాకే ఇస్తాం" అన్నాడు టార్చి ఆయన. పరిగెత్తి బస్సెక్కినాను. ఘాట్ రోడ్డులో మంచు. మెలిక మెలిక్కీ బస్సు నిదానిస్తా ఉంటే, నేను ముందర సీటు కమ్మీ పట్టుకొని తోస్తా ఉండాను. తోస్తే పోతుందా?

కళ్యాణకట్ట కాడికి చేరేసరికి పదిన్నర దాటింది. బయట మెట్ల కాడ అందరూ నిలబడున్నారు. సుజాత తల నాకెదురుగా ఉండాది, కానీ చూపు నేల మింద. గీత పక్కకొచ్చి మెల్లగా చెప్పింది.

తొమ్మిదింపావు దాకా ఆగినారంట. మంగలాయన "మేనమామ యాడమ్మా? లైను ఆగిపోతా ఉండాది" అని రెండుసార్లు అడిగినాడంట. సుజాత ఏడుపు మొదలుపెట్టిందంట. అప్పుడు పక్క పీట మింద సగం గుండు అయిన ఒక పెద్దాయన, సేలం నుంచి వచ్చినాడంట, "నాన్ మామా, నాన్ మామా" అని, నేనే మామనంటా, తన గుండు ఆపించుకొని, మఠం వేసుకొని ఒడి పరిచినాడంట. పిల్లోడు ఆయన ఒళ్లో ఏడవను కూడా లేదంట.

"ఫోటోలు తీసినారు" అనింది గీత. చూపించింది. నా మేనల్లుడు, సగం గుండు సేలం మామ, ఇద్దరూ నవ్వతా ఉన్నారు. నాకోసమని భాస్కర్ బావ జరీ కండువా తెచ్చినాడంట, అది ఆయన భుజం మింద ఉండాది. రెండేండ్లు మాట్లాడని మనిషి, నాకోసం కండువా కొన్నాడు. అది చూసేసరికి నా కండ్లలో నీళ్లు తిరిగినాయి. వాన ఉండాది కాబట్టి సరిపోయింది.

బావ నన్ను చూసినాడు. తిట్టుంటే బాగుండు. "వచ్చినావా బావా? టిఫిన్ తిన్నావా?" అన్నాడు, ఎవురో చుట్టాన్ని అడిగినట్టు. దర్శనం లైనుకు టైమయిందని చెప్పులు విడిచేదానికి అటు పోయినాడు. సుజాత ఆయన ఎనకాలే పోయింది.

పిల్లోడు ఆ సేలం పెద్దాయన చంకలోనే ఉన్నాడు. ఇద్దరికీ నున్నటి గుండ్లు, ఇద్దరికీ గంధం. వాడు ఆయన చెవి పట్టుకొని లాగతా ఉన్నాడు. నేను పోయి దండం పెట్టినాను. థాంక్స్ చెప్దామనే పోయినాను, ఒట్టు. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసినాడు. బురద ప్యాంటు, చేతులకు గ్రీజు, చొక్కా మింద పసుపు మరక.

"నీంగ యారు?" అన్నాడు. మీరెవురు అని.

మేనమామనని ఎట్ట చెప్పేది? ఆయన భుజం మిందనుంచి ఆ కండువా ఎవురు తియ్యాల?

"డ్రైవర్" అన్నాను.

ఆయన చానా మర్యాదగా తలూపి, పిల్లోడి తల నిమిరి, "మళై పెయ్యుదు తంబీ, కొండ దారి, పాత్తు ఓట్టుంగ" అన్నాడు. వాన పడతా ఉండాది, చూసి తోలు అని. సరేనని తలూపినాను. కారేమో కింద అలిపిరిలో ఉండాది.