పర్దా తీసేసిన ఏడు

నిన్న టెంఘర్ గల్లీ ఆడపిల్లలు నలుగురు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. మన నేతవాళ్ళ సంఘం ఎన్నికలో మళ్ళీ కుండలూ పర్దా పెట్టాలట, పాత పద్ధతి తెలిసిన పెద్దవాణ్ణి కాబట్టి నా సంతకం కావాలట. ఈ వయసులో నాకెందుకీ తలనొప్పి అనబోయి, పాత పద్ధతి అన్న మాట చెవిన పడగానే వాళ్ళను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. మన ఈడువాళ్ళ బలహీనత మీకు తెలియనిది కాదు.

మేము ఊరు విడిచి భివండి వచ్చి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే రోజుల్లో, మావాళ్ళలో చదువు వచ్చినవారు తక్కువ గనుక, సంఘం అధ్యక్షుణ్ణి కండెలతో ఎన్నుకునేవాళ్ళం. నాడెలో పెట్టి నేసే నూలు కండె ఉంటుంది చూడండి, అది ఖాళీది మనిషికొకటి ఇచ్చేవారు. దుప్పటి పర్దా వెనక పోటీదారుల గుర్తులు వేసిన కుండలుండేవి; నచ్చిన కుండలో వేసి బయటికి రావడమే. కార్ఖానా సేటుకూ ఒక కండే, ఆయన సాంచెల మీద పనిచేసే నాకూ ఒక కండే. ఆ ఒక్క పూట మా నడక తీరే వేరుగా ఉండేదంటే నమ్మండి.

తర్వాత మా సేటే అధ్యక్షుడయ్యాడు. మంచి మాటకారి, ఎవరింట్లో చావైనా పెళ్ళైనా అందరికన్నా ముందు వచ్చేవాడు, మా పిల్లలందరినీ పేరు పెట్టి పిలిచేవాడు; నిజం చెప్పొద్దూ, నాకూ ఆయనంటే ప్రాణమే. గడువు తీరి దిగిపోవలసిన ఏడు ఆయన సభలో నిలబడి, మనమంతా ఒక ఇంటివాళ్ళం, ఇంట్లో మనలో మనకు పర్దా ఏమిటి, గడువేమిటి, చేతులెత్తితే చాలదా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అన్నేళ్ళూ ఆ కుండలకు కాపలా ఉన్న మా అక్క మొగుడు, మా బావ, ఒక్కడే లేచాడు.

"పర్దా తీస్తే ఇగ అది మన ఓటు గాదు, సేటు ఓటయితది," అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. చేతులెత్తమన్నప్పుడు నేను అటూ ఇటూ చూశాను, అన్ని చేతులూ లేచాక నాదీ లేచింది. బావది లేవలేదు. వారం తిరగకుండా ఆయన నడిపే సాంచెలు వేరేవాళ్ళకు ఇచ్చేశారు, మరే కార్ఖానాలోనూ ఆయనను రానివ్వలేదు. మాన్కోలి గోదాముల్లో బట్టల బేళ్ళు మోసి మోసి, నడుము విరిగి మంచం పట్టి, అందులోనే కాలం చేశాడు. మంచం పట్టేదాకా మా ఇంటికి వచ్చి నూలు సంగతీ వానల సంగతీ మాట్లాడేవాడు గాని ఆనాటి మాట ఎత్తేవాడు కాదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. సేటు తర్వాత సేటు కొడుకు వచ్చాడు, ఇప్పటికీ అంతా ఏకగ్రీవమే. అధ్యక్షుణ్ణి తప్పొప్పులు అడగడానికి పెట్టుకున్న పెద్దల కమిటీ ఎప్పుడు మాయమైందో కూడా మాకు గుర్తులేదు.

ఇదంతా చెప్పి కళ్ళు తుడుచుకున్నాక, పిల్లలు కాగితం ముందుకు జరిపారు. అప్పుడు నా నోట వచ్చిన మాట చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

"ఇంకెవలెవలు పెట్టిండ్రో ముందుగాల సూపియ్యుండ్రి బిడ్డా."

వాళ్ళు కాగితం నా వైపు తిప్పారు. అన్ని పేర్లకన్నా పైన మా అక్క వేలిముద్ర ఉంది.

దాని కింద సంతకం పెట్టాను. ఎవరి మొహమూ చూడకుండా నా ఇష్టం నేను చెప్పుకునే అలవాటు నాకూ ఒకప్పుడు ఉండేది. దాన్ని ఎవరూ గుంజుకోలేదు, చప్పట్లు కొడుతూ మేమే ఇచ్చేశాం. పిల్లలు వెళ్ళిపోయాక, రెండు గల్లీల అవతలున్న అక్క ఇంటికి పోదామని చెప్పులు వేసుకున్నాను గాని, కాళ్ళు రాలేదు.