సైదాబాద్ గోడ మీద శనివారం కాగితం

ఈ ఉదయం 6:40కి, మలక్‌పేటలో మా ఇంటికి మూడు వందల మీటర్ల దూరంలో, ఒకతను గోడకు మైదా గంజి పూసి పోస్టరు అంటిస్తున్నాడు. ఆ పులిసిన వాసనకు రుక్మిణి మేడం గుర్తుకొచ్చారు. సైదాబాద్‌లో ప్రభుత్వ పరిశోధన నిధితో నడిచిన మా చిన్న ప్రయోగశాలకు ఆవిడ అధిపతి. నేను కాంట్రాక్టు ఇంజనీరును. ఐసు లేకుండా పాలను చల్లబరిచే నలభై లీటర్ల క్యాను తయారుచేయడం మా పని. ప్రతి శనివారం ఆవిడ స్వయంగా గంజి పూసి, వీధి వైపు గోడకు ఒక కాగితం అంటించేవారు: ఎంత నిధి వచ్చింది, దేనికి ఖర్చయింది, ఏది పనిచేయలేదు. అలా చేయమని ఏ నిబంధనా లేదు.

పక్క వీధి పాడివాళ్ళ దగ్గర జరిపిన మొదటి పరీక్షలో ఐదు క్యాన్ల పాలూ విరిగాయి. రెండో విడత నిధి మీద నిర్ణయానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. అది రాకపోతే నా ఉద్యోగం ఉండదు. ఆ వారం కాగితంలో నేను ‘పరీక్ష కొనసాగుతోంది’ అని రాశాను.

మేడం చదివి కళ్ళజోడు తీశారు. “పాలు విరిగాక ఇంకేం కొనసాగుతుందయ్యా?”

“విడత వచ్చాక రాద్దాం మేడం.”

“నిధిలో ఈ వీధివాళ్ళ డబ్బూ ఉంది. విరిగిన పాలైతే పూర్తిగా వాళ్ళవే. వాళ్ళకి చెప్పకుండా ఎవరికి చెబుతావు?”

నా వాక్యం కొట్టేసి, ‘200 లీటర్లు విరిగాయి. కారణం తెలియదు’ అని రాశారు.

సోమవారం, రెండు క్యాన్ల పాలు పోగొట్టుకున్న మల్లేశం లోపలికి వచ్చాడు. “కారణం తెల్వదని రాసిన్రు గద మేడం. ఇంతకుముందు దేంతోని చూసిన్రు దీన్ని?”

“నీళ్ళతో,” అన్నాను.

“గంత సదివి నీళ్ళతోనా? బర్రెపాలు భాయ్ ఇవి. మీగడ పైకొస్తది. కలపకుంటే కింద సల్లగైతది, పైన గోరెచ్చగనే ఉంటది.”

“ముందే చెప్పొచ్చుగా మల్లేశం గారూ?” అన్నారు మేడం.

“మీకు ఎరుకే అనుకున్న. తెల్వదని రాస్తెనే గద చెప్పబుద్ధయింది.”

కొలిచాను. అడుగున తొమ్మిది డిగ్రీలు, పైన ఇరవై తొమ్మిది. మూతకు కలియతిప్పే కడ్డీ బిగించాక పాలు విరగలేదు. తరువాతి శనివారం కాగితంలో ఆ సంగతి మల్లేశం పేరుతో సహా ఉంది. రెండో విడత మాత్రం రాలేదు. తిరస్కరణ ఉత్తరంలో రెండే వాక్యాలు, కారణం లేదు.

ఇప్పటికీ నా నివేదికలన్నీ పనిచేయని దానితోనే మొదలవుతాయి. ఈ రాత ఒక్కటే దాని లెక్కతో ముగుస్తోంది. విరిగిన పాలు, 200 లీటర్లు. రాని విడత, ఒకటి. మూతపడిన ప్రయోగశాల, ఒకటి. పోయిన ఉద్యోగాలు మూడు; అందులో మేడంది ఒకటి, నాది ఒకటి. తయారైన క్యాన్లు, ఐదు. మల్లేశం వీధిలో నిన్నటికి పనిచేస్తున్నవి, నాలుగు.