పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది

చప్పుడు చెయ్యని యంత్రాన్ని మా వైపు ఎవరూ నమ్మరు. దివిసీమలో మా మేనమామ పొలానికి ఆయిల్ ఇంజను ఉండేది. ఆయన అరుగు మీద భోంచేస్తూ దాని టకటకలు వినేవాడు. ఆగిందంటే ముద్ద విస్తట్లో వదిలేసి లేచేవాడు. ఆ అలవాటు ఆయనతో పోలేదు. చేపల చెరువుల గట్లెక్కి, అక్కణ్ణుంచి ఫోన్లలోకి దూరింది.

మా మేనల్లుడికి ముదినేపల్లి దగ్గర చెరువుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే తనంతట తానే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పే పెట్టె ఒకటి పెట్టించాడు. తయారుచేసింది బందరులో ఉండే ఒక ఇంజనీరమ్మాయి. పెట్టీ పెట్టగానే వీడు పేచీ మొదలెట్టాడు. "అది ఉలకదు, పలకదు. బతికుందో చచ్చిందో నాకెలా తెలుస్తుంది?" ఆ అమ్మాయి ఫోన్లో ఒక పచ్చదీపం కొట్టుకునేలా చేసింది. ఇంకా జోరుగా కొట్టుకోవాలన్నాడు. అదీ చేసింది.

నేను వద్దన్నాను. గుడివాడలో రేడియోలు బాగుచేసుకుని బతికి, కొట్టు మూతపడ్డాక కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ లోపలి రాతంతా ఒక్కణ్ణే చదువుకుంటూ కూచున్న ముసలాణ్ణి. నాకు గురువు లేడు, డిగ్రీ లేదు. అలాంటివాడు వద్దంటే ఎవరు వింటారు?

మొన్న వానాకాలంలో ముసురు పట్టింది. ఎండ లేదు, ఆకు కదలడం లేదు. మర్నాడు పొద్దున్నే చేపలు పట్టి లారీకెక్కిస్తారని తెలిసి చూసిపోదామని వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. గట్టెక్కేసరికి నీటి మీద ఎక్కడ చూసినా తెరుచుకున్న నోళ్లు. గాలికోసం గుటకలు వేస్తున్నాయి. ఏరియేటర్లు కదలడం లేదు.

"ఏరా, చేపలు పైకొచ్చేశాయి, చూశావా?"

"మబ్బు కదా మావయ్యా, అలాగే ఉంటాయి. పెట్టె బానే ఉంది. ఇదిగో, పచ్చగా కొట్టుకుంటోంది."

"ఫోను కాదురా, చెరువు చూడు."

చూశాడు. మొహం పాలిపోయింది. పరుగెత్తి మోటార్ల స్టార్టర్లు చేత్తో వేశాడు. నీళ్లు తెల్లగా లేచాయి. దక్షిణపు మూల అప్పటికే కొన్ని వెల్లకిలా తేలాయి. మిగతావి ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

"రాత్రికి నేనే కాపలా కూచుంటాలే," అన్నాడు.

"కరెంటు పోయి వస్తే స్టార్టర్లు పడిపోతాయి, మళ్లీ ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. ఈ గట్టు మీదొకటి, ఆ గట్టు మీదొకటి. రెండు చోట్లా నువ్వే కూచుంటావా? పెట్టె సంగతి చీకటి పడేలోగా తేలాలి."

నా లాప్‌టాప్ పెట్టెకి తగిలించాను. అందులోని కెర్నెల్ రాసుకున్న మాట ఒక్కటే: ఈ ఇంటరప్ట్ నాదని ఎవరూ అనలేదు, మూసేస్తున్నాను.

ఇంటరప్ట్ అంటే తలుపు తట్టడం. ఆక్సిజన్ తగ్గితే చిప్పు తడుతుంది. ఆ చిప్పు పని చూసే ప్రోగ్రాం డ్రైవర్. అది లేచి, చిప్పు జెండా ఎత్తిందా లేదా చూస్తుంది. ఎత్తితే ఏరియేటర్లు తిప్పుతుంది. లేకపోతే "నాకోసం కాదు" అంటుంది. పచ్చదీపం కోసం ఆ అమ్మాయి అదే తలుపును సాఫ్ట్‌వేర్ చేత తట్టించింది. అప్పుడు జెండా ఉండదు. డ్రైవర్ ప్రతిసారీ నాకోసం కాదంది. విని విని కెర్నెల్ విసిగిపోయి తలుపు మూసేసింది. ఆ తర్వాత చిప్పు నిజంగా తట్టినా వినేవాడు లేడు. దీపం మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అది వెలిగేది తట్టినందుకు, తలుపు తీసినందుకు కాదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వు తట్టిస్తున్నదాన్నే నీ డ్రైవర్ నాకోసం కాదంటోంది."

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "అవునండీ బాబాయిగారూ. మీవాళ్లు దీపం జోరుగా కొట్టుకోవాలంటేనూ..."

"వాడడిగాడని పెట్టేస్తావా? రేపు చేపలకి గొడుగులడుగుతాడు."

మావాడు పక్కనే ఉన్నాడు.

ఆ అమ్మాయి గబగబా మార్చి పంపింది. సాఫ్ట్‌వేర్ తట్టే ముందు మెమరీలో ఒక గుర్తు పెడుతుంది. డ్రైవర్ ఆ గుర్తు చూస్తే చెరిపేసి, నాకోసమే అని చెప్పి వెనక్కి వెళ్లిపోతుంది. చదివేసరికి నాకు ఒళ్లు మండింది.

"గుర్తు కనబడగానే వెళ్లిపోతే ఎలా? అదే క్షణంలో చిప్పు కూడా తట్టి ఉంటే? ఇది ఒక్కసారే తట్టే రకం. తీసేదాకా నిలబడి తట్టదు."

"రెండూ ఒకేసారి వస్తాయంటారా అండీ?"

"నీ దీపం జోరుకి రాకుండా ఎలా ఉంటాయమ్మా?"

"నిజమేనండీ. గుర్తున్నా లేకపోయినా జెండా చూడాల్సిందే. ఇంకోటండీ, గుర్తు చూడ్డం, చెరపడం ఒకే దెబ్బలో అవ్వాలి. మధ్యలో ఇంకో గుర్తు పడితే అదీ చెరిగిపోతుంది," అంది. అది నాకు తట్టలేదు. తట్టలేదనే చెప్పాను.

కొత్తది ఎక్కించాం. నమ్మడం ఎలా? ఏరియేటర్లు ఆపి చూడాలి.

"ఇప్పుడా? ఇప్పుడే కదా కిందికి దిగాయి. నీకు పుణ్యముంటుంది, వద్దు మావయ్యా."

"ఇప్పుడు తిరక్కపోతే రాత్రి తిరుగుతుందా?"

వాడు కదల్లేదు. నేనే ఆపాను. హోరు పోయి చెరువంతా చెవుడు పట్టినట్టయింది. ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌ని చెరువులోంచి తీసి, ఆక్సిజన్ లేని అడుగు బురద కలిపిన బకెట్లో ముంచాను. ఫోన్లో దీపం ఎప్పటిలా జోరుగా కొట్టుకుంటోంది. ఇద్దరం దాన్ని చూడలేదు. అవతలి గట్టు దగ్గర ఒక నోరు పైకి వచ్చింది. పక్కన ఇంకోటి. వాడి చెయ్యి స్టార్టర్ వైపు వెళ్తుంటే పట్టుకున్నాను.

స్టార్టర్ దానంతటదే టప్పుమంది. ఏరియేటర్లు తిరిగాయి.

ఫోన్లో ఆ అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది. "దీపం తీసెయ్యమంటారా అండీ?"

"ఉంచండి," అన్నాడు మావాడు. "నెమ్మదిగా చాలు. అవతల జవాబొస్తేనే వెలగనివ్వండి."

సెన్సార్ మళ్లీ చెరువులో వేశాం. చచ్చినవాటిని చేతివలతో ఏరి గట్టు మీద వేశాడు.

దీపాల వేళకి గట్టు మీది మకాం పాక ముందు కూచుని అన్నం కలుపుకున్నాం. రెండో ముద్దకి కరెంటు పోయింది. హోరు ఆగింది. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. కరెంటు వచ్చింది, హోరు మాత్రం రాలేదు. వాడు లేవబోయాడు.

"కూచో," అన్నాను.

ఈ గట్టు మీద టప్పుమంది. తర్వాత ఆ గట్టు మీద.

వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.