పల్సానా నుంచి వచ్చిన పశువుల పాక

క్రిస్మస్‌ను పాడుచేయడానికి పూనుకున్నవాళ్ల జాబితా ఎవరైనా రాస్తే అందులో బాలయేసును చంపించబోయిన హేరోదు రాజు తర్వాతి పేరు నాదే. ఆయనైనా సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. నాకు ఒక కాగితం మీద రెండు మాటలు రాస్తే సరిపోయింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సూరత్‌లో, ఖటోదరాలోని ఒక డిజైన్ స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని చీరల మీదికి పువ్వులు తయారుచేసేవాణ్ణి. మూడేళ్ల అనుభవం, ముప్పై ఏళ్ల పొగరు. ఆదివారాలు ఊరి చివర ఉన్ అనే పేటలో మా పాస్టరమ్మగారింటి పైగదిలో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్లేవాణ్ణి. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జగిత్యాల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాళ్లే. ఆ మగ్గాలను వాళ్లు సాంచాలంటారు.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో పాస్టరమ్మగారికి ఒక ఆలోచన వచ్చింది. పండగకు గోడలకు రంగులు వేయిస్తాం, కొత్త బట్టలు కుట్టిస్తాం, మనసును మాత్రం ఎవరూ సిద్ధం చేసుకోరని ఆవిడ బాధ. అందుకని పొడవాటి చార్టు ఒకటి నేల మీద పరిచారు. రోజూ సాయంత్రం ఒకరు దాని మీద యేసు పుట్టుక కథలోంచి ఒక బొమ్మ గీయాలి. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని మౌనంగా ప్రార్థించాలి. రబ్బరు వాడకూడదు, తొందరపడకూడదు, ఒకరి బొమ్మ చూసి ఇంకొకరు నవ్వకూడదు. ఈ మూడో నియమం నా కోసమే పెట్టారని నాకు ఇప్పటికీ అనుమానం.

నిజం చెప్పాలంటే నవ్వాపుకోవడమే ఆ నెలంతా నేను చేసిన ప్రార్థన. ఒంటెకు ఐదు కాళ్లొచ్చాయి. ఐదోది తోక అని గీసినావిడ తర్వాత వివరించింది.

బాలయేసును గీసే వంతు రాజయ్య మామకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్న మనిషి. బడికి పోలేదు, పెన్సిలు పట్టడం అదే మొదలు. నాలుగు సాయంత్రాలు తీసుకున్నాడు. పిల్లవాడు అచ్చం పండగ గర్జెలాగా, అంటే కజ్జికాయలాగా వచ్చాడు, మూతి మాత్రం నవ్వుతూ ఉంది. ఎందుకో ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఊళ్లో ఉన్న భార్య పోశవ్వకు మామ ఫోన్ చేసి చెబితే ఆవిడ నమ్మలేదట. సంతకం పెట్టరానోడు దేవుణ్ణి గీసిండా అని ఎగతాళి చేసిందట. పండక్కి ఆవిడ మొదటిసారి సూరత్ వస్తోంది.

"జర మంచిగ గోడకు పెట్టున్రి. మా పోశవ్వ కండ్లార చూడాలె" అని మామ అందరినీ బతిమాలాడు.

ఇక్కడే నేను దూరాను. కాగితం గోడకు అంటిస్తే ఏం బాగుంటుంది, శాటిన్ బట్ట మీద ప్రింటు వేయించి తెర కట్టిస్తానన్నాను. గీసిందే చాలు బిడ్డా అని పాస్టరమ్మగారు నచ్చజెప్పారు. నేను వింటేగా. చార్టును స్టూడియోకు మోసుకెళ్లాను. స్కానరులో పట్టలేదు కాబట్టి కత్తెర తీసుకుని తొమ్మిది ముక్కలు చేశాను. ఆ ముక్కల్ని దాచుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. మా స్టూడియోలో స్కాన్ అయిపోయిన కాగితం ఏ రోజుకారోజు చిత్తు గోనెలోకి పోతుంది. ఇదీ అలాగే పోయింది.

అసలు ఘనకార్యం ఆ తర్వాతిది. చీరకు మేం జానెడు బొమ్మ ఒకటే తయారుచేస్తాం. అదే బొమ్మ బట్టంతా వరసలు వరసలుగా రావాలంటే మిల్లుకు పంపే స్లిప్పు మీద "ఆల్ ఓవర్" అని రాస్తాం. మూడేళ్లుగా రోజుకు పది స్లిప్పుల మీద అదే రాసిన చెయ్యి, చార్టు మీద యేసు పుట్టిన పశువుల పాకను కూడా చీర కొలతకు కుదించి, స్లిప్పు మీద అదే రాసింది. ఊరి బయట పల్సానాలో ఉన్న మిల్లులో ప్రింటింగ్ మాస్టరు గుజరాతీ పెద్దాయన. ఒకసారి వచ్చి శాంపిల్ చూసుకోమని ఫోన్ చేశాడు. నా ఫైలుకు శాంపిలేమిటని నవ్వి, నడిపించెయ్యమన్నాను. ఆయన "భగవాన్ ఆప్‌కే హై, ఆప్ జానో" అన్నాడు. మీ దేవుడు, మీ ఇష్టం అన్నమాట. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు.

బట్ట ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం వచ్చింది. పైగదిలో నలుగురం పట్టుకుని మడతలు విప్పాం. మొదటి మడతలో ఎనిమిది మంది బాలయేసులు కనిపించారు. పూర్తిగా విప్పేసరికి పన్నెండు వరసల్లో తొంభై ఆరుగురయ్యారు. వాళ్లకు తొంభై ఆరుగురు మరియమ్మలు, ఉధ్నా స్టేషన్లో జనరల్ బోగీ కోసం నిలబడ్డట్టు తొంభై ఆరుగురు యోసేపులు, పాకకు ముగ్గురు చొప్పున రెండు వందల ఎనభై ఎనిమిది మంది జ్ఞానులు. వరసకూ వరసకూ సగం జరిపి వేయడం చీరల పద్ధతి కాబట్టి, ఒక పాకలోని దేవదూత కింది పాకలోని ఒంటెకు శుభవార్త చెబుతున్నాడు. అంచు దగ్గర ఒక యోసేపు సగమే ఉన్నాడు. మిగతా సగం మిల్లులోనే ఆగిపోయినట్టుంది.

మళ్లీ వేయిద్దామని ఫోన్ చేశాను. సంక్రాంతి తర్వాతి పెళ్లిళ్ల ఆర్డర్లున్నాయి, వారం దాకా మెషీన్ ఖాళీ లేదన్నారు. పాస్టరమ్మగారు బట్టకేసి చూసి, చార్టు ఎక్కడుందని అడిగారు. చెప్పాను. కాళ్ల కింద నేల చీలిపోతే బాగుండుననిపించింది, కానీ కింది గదిలో పాస్టరుగారు భోంచేస్తున్నారు. ఆవిడ "కట్టున్రి" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

మర్నాడు పొద్దున పోశవ్వ అత్త వచ్చింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక మనిషి నాలుగు సాయంత్రాల భక్తిని నేను చీర గుడ్డ చేసేశాను. అత్త తెర ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"గిండ్ల నువ్వు గీసిన పిల్లగాడేడి?" అని మామను అడిగింది.

మామ నా వైపు ఒకసారి చూశాడు.

"అందర్ని నేనే గీసిన."

అత్త పై వరస నుంచి వేలుపెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగో వరసలో ఆగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గందుకేనా, నెల సంది ఫోన్ల రెండు ముచ్చట్లు మాట్లాడి పెట్టేసినవ్? నేను ఇంకేందో అనుకున్న" అంది.

పాస్టరమ్మగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

ఒట్టు పెట్టుకోకూడదని అదే బైబిల్లో ఉంది కాబట్టి దీన్ని తీర్మానం అనుకోండి. దేవుడి పనికి నా తెలివి జోడించి మరింత అందంగా చేసిపెడతానని బతికుండగా ఇంకెప్పుడూ ముందుకు రాను. ఎవరు ఏ కాగితం ఇచ్చినా కాగితంలాగే గోడకు పెడతాను. ఇందుకు తొంభై ఆరుగురు యోసేపులూ సాక్షులు. అంచున ఉన్న ఆయన సగం సంతకమే పెట్టాడు.