గుట్ట అంచు మీది కయోటీ

సుబ్బులు మేకల దొడ్డికి మోహనే కాపలా. అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం, శనివారం తెల్లారేసరికి గంట దూరంలో ఆ దొడ్డి ఉన్న లోయలో కయోటీల వేట. కయోటీ అంటే నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు. మేకలు ఈనే రోజుల్లో ఆ వాసన దానికి ఎంత దూరాన ఉన్నా అందుతుంది.

ఖమ్మంలో ఉన్నన్నాళ్లూ తుపాకి ముట్టని మనిషి. ఇక్కడ పాత ఆఫీసులో పనిచేసిన ఒక ముసలాయన నేర్పాడు: గాలికి ఎదురుగా కూర్చోవాలి, స్పీకర్‌లో కుందేలు ఏడుపు పెట్టి రాయిలా ఉండిపోవాలి. అన్నిటికంటే ముందు చెప్పింది మాత్రం ఒకటే. జంతువు వెనక మట్టి కనపడాలి. ఆకాశం కనపడితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. తప్పిన తూటా ఎక్కడ ఆగుతుందో నీకు తెలియదు.

పదకొండేళ్లు మోహన్ ఆ మాట దాటలేదు. మార్చిలో ఒక్కసారి దాటాడు.

ఆ వారం దొడ్లో నాలుగు మేకపిల్లలు పోయాయి. సుబ్బులు కంచె పట్టుకుని నిలబడి ఉంది. కయోటీ గుట్ట అంచుకెక్కి, ఆగి, వెనక్కి చూసింది. దాని చుట్టూ తెల్లటి ఆకాశం. ఇంకో అడుగేస్తే అవతలికి దిగిపోతుంది.

"కొట్టవేం అబ్బాయ్! పోతోంది!" అని అరిచింది సుబ్బులు.

కొట్టాడు. తప్పింది.

గుట్ట అవతల రెండేళ్ల కిందటి దాకా మొక్కజొన్న చేలు. ఇప్పుడు కొత్త ఇళ్లు. ఆ సాయంత్రం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పసుపురంగు గోడ, దానికి చిటికెన వేలు పట్టేంత బెజ్జం. రష్మి అనే అమ్మాయి పెట్టింది. అది ఆమె కూతురు అనిక గది. పాపకి మూడేళ్లు. పళ్లు తోముకోడానికి బాత్రూంలోకి వెళ్లిన ఆ రెండు నిమిషాల్లోనే జరిగిందట.

మోహన్ మ్యాప్‌లో దూరం కొలిచాడు. తొమ్మిది వందల మీటర్లు. గాలి, ఎత్తు, తూటా వంపు వేసి లెక్క కట్టాడు. ఆ ఉదయం లోయలో ఇంకో ఇద్దరు కూడా కాల్చారు, వాళ్లదీ కావచ్చు. కాగితం మార్చి మళ్లీ కట్టాడు. ఎన్నిసార్లు కట్టినా గీత తన గుట్ట మీదికే వచ్చి ఆగింది.

పోలీసులు వచ్చి అడిగారు. తూటా గోడలోపల ముక్కలైంది, ఎవరిదో తేల్చలేమన్నారు. ఆ ఉదయం అటువైపు కాల్చలేదన్నాడు మోహన్. పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు తర్వాత అతని పౌరసత్వం ఇంటర్వ్యూ దగ్గరపడింది. నిర్లక్ష్యంగా తుపాకి కాల్చాడన్న కేసు పడితే తానేమవుతాడో, హైస్కూల్లో ఉన్న కూతురు మేధ ఏమవుతుందో అతను ఊహించుకోలేకపోయాడు.

వేసవి రాకముందే కౌంటీ, అంటే అక్కడి జిల్లా పాలకమండలి, కొత్త నిబంధన తేవాలనుకుంది. లోయలో ఇకమీదట రైఫిల్ పేలకూడదు, షాట్‌గన్ మాత్రం వాడొచ్చు. షాట్‌గన్ గుళ్లు యాభై గజాలు దాటితే పనికిరావు. కయోటీ నూట యాభై గజాల దగ్గరే ఆగి వాసన చూస్తుంది. ఓటుకి ముందు జనం మాట వింటామన్నారు, మనిషికి మూడు నిమిషాలు.

"నాకా ఇంగ్లీషు నోరు తిరగదు. నువ్వే చెప్పాలి. పదకొండేళ్లలో నీ తూటా ఒక్కటీ దారి తప్పలేదని చెప్పు," అంది సుబ్బులు.

"అక్కా, ఆ శనివారం..."

"అది నీది కాదులే. ఆ మాట మనిద్దరి మధ్యే ఉండనీ."

హాల్లో రెండో వరసలో రష్మి పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోహన్ మైకు ముందు నిలబడ్డాడు. "నేను అక్కడ పదకొండేళ్లుగా వేటాడుతున్నాను. తప్పిన తూటా ఎక్కడ ఆగుతుందో కొట్టినవాడికి తెలియదు. రైఫిళ్లు ఆపండి," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎదురుగా గడియారంలో ఇంకా రెండు నిమిషాల పది సెకన్లు ఉంది. మిగతాది చెప్పడానికి అది చాలు. అతను వెళ్లి కూర్చున్నాడు.

సుబ్బులు విసవిసా కారు దాకా నడిచింది. తలుపు తీస్తూ అంది: "కొట్టమంది నేను, కొట్టింది నువ్వు. శిక్ష మాత్రం నా మేకలకా?"

నిబంధన వచ్చింది. మోహన్ షాట్‌గన్ పట్టుకుని నాలుగు శనివారాలు కూర్చున్నాడు. ఒకరోజు కయోటీ కొలిచినట్టు నూట యాభై గజాల దగ్గర చతికిలబడి, తీరిగ్గా చెవి గోక్కుని వెళ్లింది. ఐదో శనివారం సుబ్బులు గేటు తియ్యలేదు. "ఎందుకులే నాయనా పెట్రోలు దండగ," అంది లోపలినుంచే.

అక్టోబరులో అనిక పుట్టినరోజుకి రష్మి పిలిచింది. వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారేమోనని వెళ్లాడు.

"ఆ రోజు వేటగాళ్లలో మా కోసం మాట్లాడింది మీరొక్కరే, మోహన్ గారూ," అని రష్మి ప్లేటులో మేకమాంసం కూర వడ్డించింది. "తినండి. సుబ్బులు గారి దగ్గరిదే. ఇదే ఆఖరు అన్నారావిడ. దొడ్డి మూసేస్తున్నారట, మీకు తెలుసా?"

తెలియదు. మోహన్ ముద్ద అలాగే పట్టుకున్నాడు.

"ఎవరు కొట్టారో ఇంకా తేలలేదు," అంది రష్మి, మెల్లిగా. "నాకు కేసులేం వద్దండీ. ఎవరో తెలిస్తే చాలు. రోజూ ఆ కిటికీ కర్టెన్ వేసే ఉంచుతున్నాను."

అతను నోరు తెరిచాడు. ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉంది.

"అంకుల్, కమ్! నా రూమ్ చూడు!" అని పాప ఎడమచెయ్యి పట్టి లాగింది.

పసుపుగోడకి మళ్లీ రంగు వేశారు. బెజ్జం పూడ్చినచోట మాత్రం అరచేతంత మేర కొంచెం ముదురుగా ఉంది. పక్కనే పాప ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు. అనిక పరుగెత్తుకెళ్లి గోడకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడింది. ఆ ముదురు మచ్చ సరిగ్గా పాప చెవి పక్కకి వచ్చింది.

"లుక్ అంకుల్, నేను టాల్ అయ్యాను కదా?"

"అయ్యావమ్మా," అన్నాడు మోహన్.

అంతకు మించి ఆ పూట అతను ఒక్క మాటా చెప్పలేదు.