కొంచెం ఒత్తి చూడండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరేమడిగినా "కనుక్కుని చెప్తా" అంటున్నాను గానీ, డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఆ మాట అనడం నాకు మహా చిన్నతనంగా ఉండేది. అలాంటివాడికి దిల్‌సుఖ్‌నగర్‌లో, కళ్లజోళ్ల షాపు పై అంతస్తులో ఉద్యోగం దొరికింది. అమెరికాలో తూటాల సామాను అమ్మే ఒక దుకాణానికి అక్కడివాళ్లు రాసే మెయిళ్లకు మేం ఇక్కడ కూర్చుని జవాబులు రాయాలి. వాళ్లు రాత్రి రాసి పడుకునేవాళ్లు, మేం పగలు జవాబిచ్చేవాళ్లం. మెయిలు చివర నా పేరు ఉండేది కాదు, "మీ తూటాల నిపుణుడు" అని ఉండేది. (ఆ నిపుణుడు అప్పటిదాకా పట్టుకున్న తుపాకీ దీపావళికి కొనిచ్చే రీళ్ల తుపాకీ ఒక్కటే.) ఆ బిరుదు నాకెంత నచ్చిందంటే, ఎల్బీనగర్‌లో మా గల్లీ అంతటికీ చెప్పుకున్నాను. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అమెరికాలో చాలామంది తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటారు. ఒకసారి పేల్చిన ఇత్తడి గుల్లనే మళ్లీ నింపుకుంటారు. గుల్ల అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో ప్రైమర్ అనే బుల్లి లోహపు టోపీ కూర్చుంటుంది. రైఫిల్ సూది దాన్ని కొడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. రైఫిల్ ప్రైమర్లలో చిన్నది, పెద్దది అని రెండు సైజులు. చిక్కేమిటంటే, ఒకే రకం తూటాకు ఒక కంపెనీ గుల్లలో చిన్న గుంట, ఇంకో కంపెనీ గుల్లలో పెద్ద గుంట ఉండొచ్చు. అందుకే ముందు గుల్ల సంగతి అడగాలి. ఇదంతా మాకు ట్రైనింగులో చెప్పారు. ఆ పూట నేను కిటికీలోంచి మెట్రో పిల్లర్లు లేవడం చూస్తున్నాను.

ఒక పెద్దాయన, ఆ దుకాణానికి పాత ఖాతాదారు, కొత్త గుల్లలు కొన్నానని, ఏ సైజు ప్రైమర్ తీసుకోవాలని అడిగాడు. నాకు వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. చొక్కా అయినా బూట్లయినా షాపువాడు నాకు సరిపోయేది తీస్తే, "గది కాదు, ఒక్క సైజు పెద్దది తియ్యి. ఎదిగే పోరడు" అనేది. నా బడి బూట్ల ముందు భాగంలో ఎప్పుడూ దూది ఉండేది. ఆ ఇంట్లో పెరిగినవాడు ఇంకేం రాస్తాడు? "అనుమానంగా ఉంటే పెద్దదే తీసుకోండి సర్" అని రాశాను, ఎంతో అనుభవం ఉన్నవాడిలా.

సరుకు చేరాక పెద్దాయన మళ్లీ రాశాడు, ప్రైమర్ గుంటలోకి దిగడం లేదని. పర్మనెంట్ చేసేముందు నా మెయిళ్లన్నీ చూస్తారు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుంది. మా ఇంట్లో టిఫిన్ డబ్బా మూత పట్టకపోతే అమ్మ అరచేత్తో ఒక్కటి వేసేది, ఠక్కున కూర్చునేది. "కొత్తవి కాస్త బిగుతుగానే ఉంటాయి. కొంచెం గట్టిగా ఒత్తి చూడండి" అని రాసి, టీ తాగడానికి కిందికి పోయాను.

వచ్చేసరికి మా టీమ్ లీడ్ నా సీటు దగ్గర నిలబడి ఉంది. విజయవాడ మనిషి, ఎంత కోపమొచ్చినా 'అండీ' వదలదు.

"ఒత్తమన్నారా అండీ?"

"ఒత్తమన్న మేడమ్. జర ఒత్తితే పడతదని..."

"ప్రైమర్ అంటే ఏమనుకుంటున్నారు? నలిగితే పేలుతుందండీ! ఆయన వేళ్లు పోతే? కళ్లు పోతే?"

అయినా చూడండి, ఆ క్షణంలో కూడా నేనన్న మాట, "గుల్లల కంపెనీవాళ్ల తప్పు మేడమ్" అని.

"అబద్ధాలు తర్వాత చెబుదురు గానీ, ముందు మెయిలు కొట్టండి."

'ఒత్తకండి, ముట్టుకోకండి' అని పెద్ద అక్షరాలతో పంపాం. మా దగ్గర ఆయన ఫోన్ నంబరు లేదు. అక్కడ తెల్లవారాలి, ఆయన లేవాలి, మొదటిది చదివి పనిలో కూర్చునేలోపు రెండోది కూడా చదవాలి. ఆ సాయంత్రం బస్సు కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర ఆగినప్పుడు ఎవరో బండి మీది పుచ్చకాయ జారవిడిచారు. అది టప్‌మని పగిలితే నేను పక్కాయన భుజం పట్టుకున్నాను. "ఏమైందన్నా, గంత పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు. ఏం చెప్పను? ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే నా వేళ్లే నాకు కనిపించాయి. ఉద్యోగం పోతే పోయింది, ఆ పెద్దాయనకేం కాకూడదని మొదటిసారి అనుకున్నది అప్పుడే. అప్పటివరకూ నా దిగులంతా ఉద్యోగం గురించేనని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పొద్దున్నే జవాబు ఉంది. "మీ రెండో మెయిలే ముందు చదివాను. తర్వాత మొదటిది మా ఆవిడకి చదివి వినిపించాను. ఇంకా నవ్వుతోంది. ఒక్కమాట అడుగుతాను, మీరు ఎప్పుడైనా తూటా చేత్తో పట్టుకున్నారా?"

మేడమ్ నా వెనకే నిలబడి, "ఏం రాస్తారండీ?" అంది.

"లేదు సర్, చూడను కూడా చూడలేదు. మీ గుల్ల అడుగు ఫొటో పంపితే తెలిసినవాళ్లని అడిగి చెప్తాను" అని రాశాను. మేడమ్ చదివి, "పంపండి" అని మాత్రం అంది. నేను పర్మనెంట్ కావడం చాలా ఆలస్యమైంది. (గల్లీలో ఆ సంగతి కూడా చెప్పలేదు.)

మర్నాడు ఫొటో వచ్చింది. అడుగున చిన్న గుంట ఉన్న ఇత్తడి గుల్ల, దాన్ని పట్టుకున్న ముసలి బొటనవేలు, చూపుడువేలు. గోళ్లలో నల్లటి మట్టి, ముడతలు, అన్నీ వేటి చోట అవి భద్రంగా ఉన్నాయి.

"గుంట చిన్నదా పెద్దదా, చూశారా?" అంది మేడమ్.

"ఆగండి మేడమ్," అన్నాను, "ఇంకా వేళ్లే చూస్తున్న."