పెద్దకర్మ ఫ్లెక్సీ మీద గెంతిన అక్షరాలు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు, ఒంగోలులో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనరు ఉద్యోగం, ఇంకెవరి దగ్గరా లేనిది నా దగ్గర ఒకటుందన్న పొగరు. అదేమిటంటే, నా చేతిరాతతో నేనే తయారుచేసుకున్న ఫాంటు. (బడికెళ్ళే రోజుల్లో అదే చేతిరాతను చూసి మా అమ్మ "కోడి కెలికినట్టుందే" అనేది.) ఫోన్ మీద వేలితో ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తూ గీసి కంప్యూటర్లోకి ఎక్కించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. తలకట్లు ఎగిరేవి, గుడులు పక్కకు వాలేవి, ఏ అక్షరమూ గీత మీద కుదురుగా కూర్చునేది కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, దాన్ని దొరికిన ప్రతిచోటా వాడేశాను. పుట్టినరోజులకు పెట్టాను, ఓణీల ఫంక్షన్లకు పెట్టాను, చికెన్ పకోడీ బండికీ పెట్టాను. ఎవరూ కాదనకపోయేసరికి నాకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

ఆ ఊపులోనే ఒక మిర్చి రైతు వాళ్ళ నాన్నగారి పెద్దకర్మ ఫ్లెక్సీకి కూడా అదే పెట్టాను. దండ వేసిన పెద్దాయన ఫొటో కింద "అశ్రునయనాలతో" అన్న మాట హుషారుగా గెంతుతోంది. రైతు దాన్ని విప్పి చూశాడు.

"ఏందమ్మా, మా నాయన పోయాడని మేం ఏడుస్తంటే, నీ అక్షరాలు డాన్సులేస్తన్నయ్యేంది?" అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఓనరు గారు అప్పటికప్పుడు మామూలు అక్షరాలతో వేరే ఫ్లెక్సీ కొట్టించి ఇచ్చి, నా వైపు తిరిగి, "ఇంకొక్కసారి ఆ గెంతులు నా షాపులో కనపడితే, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను గానీ, కంప్యూటర్లో ఆ ఫాంటు పేరు కనపడినప్పుడల్లా ఏడుపొచ్చేది.

మూడు నెలలకు ఆ రైతే మళ్ళీ వచ్చాడు. (ఇంకే తప్పు దొరికిందో అని నేను కంప్యూటర్ వెనక్కి తల దించేశాను.) ఈసారి ఆయనకు కావలసింది దిష్టి బోర్డు. రోడ్డు పక్క చేను, మిర్చి విరగకాసింది, వచ్చేపోయేవాళ్ళంతా ఆగి మరీ "అబ్బో" అంటున్నారట. "ముందు నన్ను చూడు" అని రాయాలి. ఓనరు గారు మామూలు అక్షరాలతో కొట్టి చూపించారు. రైతు తల అడ్డంగా ఊపాడు.

"ఇట్టాంటియ్యి రోడ్డు పొడుగునా ఉన్నయ్యండి, ఎవడూ చూడట్లా. ఈ అమ్మాయివి గెంతే అక్షరాలు ఉన్నయ్యే, అయ్యి పెట్టండి. కళ్ళన్నీ బోర్డు మీద పడాల, నా చేను మీద కాదు."

ఓనరు గారు నా వైపు చూసి, "ఇంకా నిలబడ్డావేంటమ్మా, పెట్టు" అన్నారు. ఆ రోజు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. పెద్దకర్మలకు నిటారు అక్షరాలు, దిష్టి బోర్డులకు గెంతే అక్షరాలు. మొన్న పొదిలి బస్సులో వెళ్తుంటే ఒక మిర్చి చేలో రంగు వెలిసిన నా బోర్డు కనపడింది. గర్వం ఆపుకోలేక పక్క సీటావిడకు చూపించాను. ఆవిడ నవ్వి, "ఎవరో చిన్నపిల్ల రాసినట్టుందండి" అంది. "అవునండి, చిన్నపిల్లే" అన్నాను. ఇద్దరం మెడలు తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశాం. బస్సు చాలా దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, ఆ చేలో మిర్చి ఎలా కాసిందో ఇద్దరం చూడనే లేదు.